అర్జీ పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది, పొలం మాత్రం ఇంకా నాన్న పేరు మీదే ఉంది

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. నాన్నగారు కాలం చేశాక ఊళ్ళో ఉన్న కాస్త పొలం అమ్మ పేరు మీదకి మార్పించాలని సచివాలయంలో అర్జీ పెట్టాం. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత పాస్‌బుక్కు, ఎవరి పేరున ఎంత పొలం ఉందో చూపే 1బి అన్నీ జత చేశాం, అన్నదమ్ములిద్దరం మాకు అభ్యంతరం లేదని సంతకాలు కూడా పెట్టాం. ఆ పొలం మీద కేసు లేదు, అమ్మకాలు నిషేధించిన భూముల 22ఏ జాబితాలో లేదు, గట్టు తగాదా కూడా లేదు. అయినా మొదట్లో రేపు రండి ఎల్లుండి రండి అన్నారు. తర్వాత ఎవరో ఒకాయన ఫోన్ చేసి ఎకరానికి ఇంత అవుతుందండి, పైవాళ్ళకి కూడా చూసుకోవాలి కదా అన్నాడు. ఇవ్వనని చెప్పి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాను.

మీ అర్జీ పరిష్కరించబడింది అని మొన్న మెసేజ్ వచ్చింది. సంతోషంగా ఆన్‌లైన్‌లో తెరిచి చూస్తే "అర్జీదారుని స్వయంగా కలిసి వివరించడమైనది, అర్జీదారు సంతృప్తి చెందినారు" అని రాసి ఉంది. నన్ను ఎవరూ కలవలేదు. ఊళ్ళో అమ్మను అడిగాను, ఆవిడ దగ్గరికీ ఎవరూ రాలేదు. డబ్బులు అడిగారన్న దానికంటే ఇది నాకు ఎక్కువ కోపం తెప్పించింది. లంచం అడగడం తప్పని అందరూ ఒప్పుకుంటారు, నేను అనని మాట అన్నానని ప్రభుత్వ రికార్డులో ఎక్కిస్తే అది తప్పే కాదన్నట్టు అందరూ తేలిగ్గా తీసుకుంటున్నారు. దీన్ని ఎలా వదిలేయాలి? ఇలా ఎవరికైనా జరిగిందా, జరిగితే మీరేం చేశారు?

బందరురోడ్
జరిగిందండీ, మా పెదనాన్న గారి ఇంటి ముందు డ్రైనేజీ విషయంలో. పని పూర్తయిందని ఫొటో కూడా పెట్టారు, అది పక్క వీధి ఫొటో. ఇంటి ముందు మురుగు అలాగే ఉంది.

పాలమూరు మొగిలి
అన్నా, మా తెలంగాణలో ఇంకో తీరు. 2020 సెప్టెంబర్‌లో వీఆర్వో వ్యవస్థనే తీసేశారు, ఆ అక్టోబర్ 29న భూమి రికార్డుల ఆన్‌లైన్ పోర్టల్ ధరణి మొదలైంది. ఇక ఎవరి చెయ్యీ తడపక్కర్లేదని మా నాయన ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. తీరా చూస్తే మా సర్వే నంబర్లో సగం పొలం పార్ట్ బి లో, అంటే వివాదం ఉందని పక్కన పెట్టిన భూముల్లో, పడింది. 2017లో రికార్డుల ప్రక్షాళన చేసినప్పుడు ఎవరో పొరపాటుగా ఎక్కించిన దానికి మేం ఏళ్ళ తరబడి రైతుబంధు లేకుండా ఉండాల్సి వచ్చింది. తప్పు దిద్దమని పై అధికారికి అప్పీలు పెట్టుకుందామంటే ఆ చట్టంలో అప్పీలే లేదు, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. రెండెకరాల రైతు వకీలుకు ఫీజు కట్టి కోర్టు చుట్టూ ఎన్నేళ్ళు తిరుగుతాడు?

డబ్బులు అడగడం కూడా ఏం ఆగలేదు. ఊళ్ళో వీఆర్వోకు ఇచ్చేది మండలంలో దళారికి ఇయ్యడం మొదలైంది, అంతే. ధరణి రావడానికి రెండు నెలల ముందే, 2020 ఆగస్టులో, కీసర తహసీల్దార్ కోటీ పది లక్షలు తీసుకుంటూ ఏసీబీకి దొరికిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటది. కంప్యూటర్ పెట్టినంత మాత్రాన మనిషి మారడు, అడిగేవాడు లేకపోతే కంప్యూటర్ ముందు కూర్చున్నోడే కొత్త దొర అయితడు. తర్వాత 2025 ఏప్రిల్‌లో ధరణి బదులు భూభారతి తెచ్చి అప్పీళ్ళు మళ్ళీ పెట్టారు, అది మాత్రం మంచి పని.

కృష్ణలంక శీను
గోదారిగట్టు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ నా మాట వినండి, ఇచ్చేసి పని చేయించుకోండి. మీ అమ్మగారి పేరు ఎక్కకపోతే పీఎం కిసాన్ ఆరు వేలు రావు, పంట రుణం రాదు, రేపు పంట నష్టమొస్తే పరిహారం ఇంకా నాన్నగారి పేరునే వస్తుంది. ఇదంతా లెక్కేసుకుంటే వాళ్ళు అడిగినదే తక్కువ అవుతుంది. ఆవిడ వయసులో ఈ టెన్షన్ ఎందుకండీ. నేను మా ఇల్లు కట్టుకున్నప్పుడు ప్లాన్ దగ్గర ఇచ్చాను, కరెంటు మీటరు దగ్గర ఇచ్చాను. ఇష్టముండి ఎవరిస్తారు, ఇల్లు ఆగిపోతుందని ఇచ్చాను.

లావణ్య ఖమ్మం
శీను గారూ, మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, అందరం అలాగే ఇస్తున్నాం. కానీ మీరు ఇచ్చిన రోజు మీ తర్వాత వరుసలో నిలబడిన మనిషి సంగతి కూడా ఒకసారి ఆలోచించండి. మీరు ఇచ్చిన అంకె అక్కడ రేటు అయిపోతుంది. మా వీధిలో ఒకావిడ, భర్త పోయాక వితంతు పెన్షన్‌కి దరఖాస్తు చేసుకుంది. ఇళ్ళల్లో పని చేసుకునే మనిషి. మొదటి రెండు నెలల పెన్షన్ నాకు ఇవ్వాలని ఒకడు అడిగాడు. అడగడానికి వాడికి నోరెలా వచ్చింది అని నేను మండిపడితే, అందరూ ఇస్తున్నారట కదమ్మా అంది ఆవిడ. ఆ "అందరూ" అన్న మాటలో మనమే ఉన్నాం. జీతం వచ్చేవాళ్ళం, చదువుకున్నవాళ్ళం, ఫోన్‌లో నెట్ ఉన్నవాళ్ళం ఎదిరించకుండా ఆవిడ ఎదిరిస్తుందా?

అందుకే గోదారిగట్టు గారూ, మీరు ఇవ్వనన్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఇవ్వకండి.

విశ్రాంత రెవెన్యూ
నేను రెవెన్యూలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి డిప్యూటీ తహసీల్దార్‌గా రిటైరయ్యాను. మీ కోపం న్యాయమైనదే, మీరు సంతృప్తి చెందారని అర్జీ మీద ఆ ఎండార్స్‌మెంట్ రాసినవాడిని నేను సమర్థించను. కానీ బయటివాళ్ళకు కనపడనిది ఒకటి చెప్పాలి.

మంత్రిగారో, ఇంకో పెద్దమనిషో మండలానికి వస్తే షామియానా, కుర్చీలు, కాన్వాయ్‌లో యాభై మందికి భోజనాలు, డ్రైవర్లకి బత్తాలు, అన్నీ తహసీల్దారే చూడాలి. ప్రోటోకాల్ అంటారు. దానికి బడ్జెట్ వస్తే ఎప్పుడో వస్తుంది, ఎక్కువసార్లు అసలు రాదు. ఎవరి జేబులోంచి పెట్టాలి? తహసీల్దార్ రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌కి, అంటే ఆర్‌ఐకి చెప్తారు, ఆర్‌ఐ వీఆర్వోలకి పంచుతాడు, వీఆర్వో ఊళ్ళో పని మీద వచ్చినవాడి దగ్గర వసూలు చేస్తాడు. మీకు ఫోన్లో "పైవాళ్ళకి" అన్నాడు చూడండి, అందులో అబద్ధం కొంతే ఉంది. ఉద్యోగ సంఘాలు ఈ ప్రోటోకాల్ ఖర్చుల గురించి ఎన్నోసార్లు వినతిపత్రాలు ఇచ్చాయి. వచ్చిన పెద్దమనిషి తిన్న భోజనానికి డబ్బెవరిచ్చారని ఒక్కసారి కూడా అడగడు. అవినీతిని సహించం అని అదే వేదిక మీద మాట్లాడి వెళ్తాడు.

ఇంకో సంగతి. 2019 నవంబర్ 4న అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దార్‌ను ఆఫీసులోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆమెను కాపాడబోయిన డ్రైవరు కూడా చనిపోయాడు. ఆ రోజుల్లో ఇలాగే జరగాలి వీళ్ళకి అని రాసినవాళ్ళను కళ్ళారా చూశాను. దయచేసి ఈ చర్చను అటువైపు పోనివ్వకండి.

లావణ్య ఖమ్మం
సార్, అటువైపు ఎవరూ పోరు, పోనివ్వం కూడా. ఆ డ్రైవర్ కుటుంబం సంగతి చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

కానీ ప్రోటోకాల్ మాట మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోను. భోజనాల ఖర్చుకు వసూలు చేస్తున్నామంటే ఆ ఖర్చు తీరగానే ఆగాలి కదా. పెద్దలు రాని నెలలో కూడా రేటు అలాగే ఉంటుంది. ఆ పెద్దమనుషుల తప్పు చాలా పెద్దది, నిజమే. వాళ్ళ భోజనం బిల్లు ఒక రైతు విధవరాలు కట్టాలన్న నిర్ణయం మాత్రం మధ్యలో ఉన్న ప్రతి మనిషీ తీసుకున్నదే.

విశ్రాంత రెవెన్యూ
కాదనను తల్లీ.

సచివాలయం కుర్రాడు
నేను ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను, ఏ జిల్లా అని అడగొద్దు. అర్జీని పని కాకుండానే ఎలా మూసేస్తారో చెప్తాను, ఎందుకంటే మాలో చాలామందికి ఇది ఇష్టం లేదు.

ప్రతి అర్జీకి ఒక గడువు ఉంటుంది. గడువు దాటితే "బియాండ్ ఎస్‌ఎల్‌ఏ" అని ఎర్రగా కనపడుతుంది. వారం వారం వీడియో కాన్ఫరెన్స్‌లో ఏ మండలంలో ఎన్ని ఎర్రవి ఉన్నాయో తెర మీద వేసి అందరి ముందూ తిడతారు. పని నిజంగా అయిందా అని అడిగేవాళ్ళు తక్కువ, ఎర్ర అంకె సున్నా అయిందా అన్నదే అడుగుతారు. దాంతో సర్వేయర్ ఖాళీ లేకపోయినా, ఫైలు పై ఆఫీసులో ఆగినా, సాయంత్రంలోగా క్లోజ్ చెయ్ అని ఫోన్ వస్తుంది. అర్జీదారుకు వివరించడమైనది అన్న వాక్యం మా దగ్గర తయారుగా ఉంటుంది, అతికించేస్తారు. కొన్నిచోట్ల అర్జీదారుతో సెల్ఫీ కావాలన్నారు, అప్పుడు ఇంకేదో పని మీద ఆఫీసుకు వచ్చిన మనిషిని పిలిచి ఫొటో దిగారు.

జనానికి మేలు చేయాలని పెట్టిన గడువే జనాన్ని మోసం చేసే పనిముట్టు అయింది. ఇది రాస్తుంటే నాకు బాధగా ఉంది. నేను ఈ ఉద్యోగం పరీక్ష రాసి తెచ్చుకున్నాను, మా ఊరివాళ్ళకి పనిచేస్తానని తెచ్చుకున్నాను.

గోదారిగట్టు అన్నా, ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసి అర్జీ నంబరు చెప్పి నేను సంతృప్తి చెందలేదు, నన్ను ఎవరూ కలవలేదు, రీఓపెన్ చేయండి అని అడగండి. కొత్త అర్జీ పెట్టకండి. కొత్తది పెడితే పాతది పరిష్కారమైన లెక్కలోనే ఉండిపోతుంది. రీఓపెన్ అయితే మూసినవాడి పేరుతో సహా పైకి కనపడుతుంది.

గోదారిగట్టు
తమ్ముడూ, ఇది చాలా ఉపయోగపడే మాట. ఈ రోజే చేస్తాను. కొత్తది పెట్టమని మా మండలంలోనే ఒకాయన సలహా ఇచ్చాడు, ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

డాలస్ నాని
ఇక్కడ అమెరికాలో ఉన్న మా సంగతి కూడా చెప్తాను. సెలవు రెండు మూడు వారాలే దొరుకుతుంది, ఆ లోపల పని కావాలి, కాబట్టి అడిగింది ఇచ్చేసి వస్తున్నాం. నేను పోయినసారి నాన్నగారి స్థలం విషయంలో అలాగే చేశాను. వేరే దారి ఉందా?

పాలమూరు మొగిలి
నాని అన్నా, కోపం తెచ్చుకోకు. మీరు డాలర్ల లెక్కన ఇచ్చి విమానం ఎక్కుతారు, ఆ రేటు మా మీద పడుతది. ఎన్నారైల పొలాలు ఎక్కువ ఉన్న ఊళ్ళల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దళారీలు ఎంత అడుగుతారో ఒకసారి కనుక్కో. మీకు టైము లేదు, మాకు పైసలు లేవు. మీరు రాకముందే నెట్‌లో అర్జీ పెట్టి, ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, ఇక్కడ నమ్మకమైన మనిషి చేత తిప్పించొచ్చు కదా.

డాలస్ నాని
నిజమే మొగిలి అన్నా. నేను ఇటువైపు నుంచి ఆలోచించలేదు. పవర్ విషయం ఇక్కడ కాన్సులేట్‌లో కనుక్కుంటాను.

వకీలు సాబ్ కాదు
నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

గోదారిగట్టు గారూ, ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన దగ్గర గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. అందులో మీ కోపం రాయకండి, ప్రశ్నలు మాత్రమే రాయండి. నా అర్జీ మీద ఏ తేదీన ఏ అధికారి ఏ చర్య తీసుకున్నారు, నన్ను కలిసినట్టు రాసిన అధికారి పేరు, హోదా, కలిసిన తేదీ, స్థలం, ఆ రోజు ఆయన టూర్ డైరీ నకలు, నేను సంతృప్తి చెందినట్టు నా సంతకం ఉంటే దాని నకలు. ఇంతే. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ రోజుకు 250 చొప్పున 25 వేల దాకా జరిమానా వేయొచ్చు. కమిషన్ దాకా వెళ్తే ఆలస్యమవుతుంది, తెలంగాణలో 2023 తర్వాత చాలాకాలం కమిషనర్లే లేరు. అయినా నా అనుభవంలో టూర్ డైరీ అడిగిన దరఖాస్తుకు కమిషన్ దాకా వెళ్ళే అవసరం చాలా తక్కువసార్లు పడుతుంది. కలవని మనిషిని కలిశానని రెండోసారి, సంతకం పెట్టి, కాగితం మీద రాయడానికి ఎవరికైనా చెయ్యి వణుకుతుంది.

రెండోది, మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, తిరస్కరిస్తే ఆ ఉత్తర్వు కాగితం మీద ఇవ్వమని అడగండి. 1971 నాటి పట్టాదారు పాస్‌బుక్కుల చట్టం ప్రకారం దాని మీద ఆర్డీవోకు 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. తిరస్కరించకుండా, చేయకుండా నాన్చడమే వాళ్ళ పద్ధతి, ఎందుకంటే ఉత్తర్వు ఉంటేనే కదా అప్పీలు.

ఇక లంచం సంగతి. శీను గారు, నాని గారు జాగ్రత్తగా వినాలి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక ఇచ్చినవాడిది కూడా నేరమే. బలవంతం మీద ఇస్తే, ఇచ్చిన 7 రోజుల్లో పోలీసులకో ఏసీబీకో చెప్తే రక్షణ ఉంది. ముందే చెప్పి, వాళ్ళకు సాయంగా ఇస్తే అసలు నేరమే కాదు. రెండు రాష్ట్రాల్లోనూ ఏసీబీ నంబరు 1064.

లావణ్య ఖమ్మం
1064కి మా అన్నయ్య చేశాడు, కొన్నేళ్ళ కిందట. నోట్లకు పొడి రాసి ఇచ్చారు, తీసుకున్నవాడి చేతులు సోడా కలిపిన నీళ్ళలో ముంచితే గులాబీ రంగు వచ్చింది. వాళ్ళు మర్యాదగానే చూశారు, పేరు బయటికి రానివ్వకుండా జాగ్రత్త పడ్డారు. అయినా ఊళ్ళో తెలిసిపోయింది. ఒక ఉద్యోగి పొట్ట కొట్టావు అని చుట్టాలే అన్నారు. అదే నాకు మింగుడు పడలేదు. వాడు ఎంతమంది పొట్ట కొట్టాడో వీళ్ళకు లెక్కలేదు, ఒక్కసారి దొరికేసరికి జాలి పుట్టుకొచ్చింది. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు జీతమెంత అని అడిగి, పైన ఎంత వస్తుంది అని కూడా అడిగే ఇళ్ళు మనవే. అలాంటి సంబంధం వస్తే మా ఇంట్లో వద్దన్నాం.

బందరురోడ్
దొరికినవాడు మళ్ళీ ఉద్యోగంలోకి వస్తాడు కదా మేడమ్, అది చూస్తే ఫిర్యాదు చేయాలనిపించదు.

వకీలు సాబ్ కాదు
వస్తున్నారు, కాదనలేను. కేసు నడపడానికి ప్రభుత్వ అనుమతి కావాలి, దానికి 3 నెలల గడువు, అవసరమైతే ఇంకో నెల అని చట్టంలో ఉంది, ఫైళ్ళు మాత్రం అంతకంటే ఎక్కువ ఆగుతున్నాయి. ఈలోగా ఫిర్యాదు చేసినవాడు విసిగిపోయి కోర్టులో ఎదురు తిరుగుతాడు. దీని మీద సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబర్‌లో స్పష్టంగా చెప్పింది, ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా, మిగతా సాక్ష్యాలతో లంచం అడిగిన సంగతి రుజువు చేయొచ్చని. కాబట్టి ఒక మార్గం మూసుకుపోయింది నిందితులకి. అనుమతుల ఆలస్యం మీద మాత్రం ఎమ్మెల్యేలను నిలదీయాల్సింది మనమే. అసెంబ్లీలో ఎన్ని ఏసీబీ కేసులకు అనుమతి పెండింగ్‌లో ఉందని అడిగే సభ్యుడు ఎవరైనా ఉంటే ఆ పార్టీ ఏదైనా సరే నేను ఆయనకు దండం పెడతాను.

కృష్ణలంక శీను
7 రోజుల సంగతి నాకు తెలీదండీ. ఎవరూ చెప్పరు కూడా. ఆఫీసుల్లో "లంచం ఇవ్వడం తీసుకోవడం నేరం" అని బోర్డు ఉంటుంది కానీ బలవంతంగా తీసుకుంటే వారం లోపల చెప్పండి, మీకేం కాదు అని ఏ బోర్డు మీదా రాయలేదు. అది రాసి ఉంటే మా వీధిలో సగం మంది ఫోన్ చేసేవాళ్ళు.

విశ్రాంత రెవెన్యూ
గోదారిగట్టు బాబూ, ఒక పని తప్పక చేయి. మీ పొలానికి సంబంధించిన పాత అడంగల్, 1బి, లింకు డాక్యుమెంట్లు, అన్నిటికీ సర్టిఫైడ్ నకళ్ళు తీసుకుని ఇంట్లో పెట్టుకో. ఆన్‌లైన్‌లో ఉన్నాయిలే అనుకోవద్దు. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి ఫైళ్ళు కాలిపోయాయి, గుర్తుందిగా. తర్వాత తమ భూమి కాగితాల కోసం వందల మంది అర్జీలు పట్టుకుని వచ్చారు. ఆఫీసులో ఫైలు ఉందన్న ధైర్యం మీద ఉండకు. మీ అమ్మగారిని కూడా ఒకసారి నీతో తీసుకెళ్ళు, ఆవిడకు ఎదురుగా నిలబడి ఇవాళ కాదు అనడం అంత తేలిక కాదు.

గోదారిగట్టు
1100కి చేశాను. మొదట అర్జీ క్లోజ్ అయిందండీ అన్నారు, నన్ను ఎవరూ కలవలేదని గట్టిగా చెప్తే రీఓపెన్ చేశామని మెసేజ్ వచ్చింది. సమాచార హక్కు దరఖాస్తు వకీలు గారు చెప్పినట్టే రాసి, టూర్ డైరీ నకలు కూడా అడిగి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆ మర్నాడే మా ఊరి ఆయన ఫోన్ చేసి, ఏంటండీ మన మధ్య కాగితాలెందుకు, వచ్చి మాట్లాడుకుందాం అన్నారు. ఏదైనా కాగితం మీదే మాట్లాడుకుందామండీ అని పెట్టేశాను. పేరు మార్పు మీద అభ్యంతరాలుంటే చెప్పమనే ఫారం 8 నోటీసు ఊళ్ళో అంటిస్తామని ఇప్పుడంటున్నారు. పాస్‌బుక్కు చేతికి వచ్చినా కూడా ఆ ఎండార్స్‌మెంట్ మీద జవాబు వచ్చేదాకా వదలను. అమ్మ చదువుకోలేదు, కానీ నేను చదివి వినిపిస్తే, నేనెప్పుడన్నానురా ఆ మాట అని అడిగింది. ఆవిడకు ఆ శాఖ జవాబు చెప్పాలి.

వకీలు సాబ్ కాదు
ఫోన్ కాల్ వచ్చిన తేదీ, సమయం రాసి పెట్టుకోండి. నోటీసు అంటించాక ఫొటో తీయండి, తేదీ కనపడేలా.

సచివాలయం కుర్రాడు
నోటీసు సచివాలయం బోర్డు మీద కూడా ఉండాలన్నా. లేకపోతే అక్కడి డిజిటల్ అసిస్టెంట్‌ను అడుగు, చెప్తారు.

కొత్తసభ్యుడు రాయచోటి
నమస్తే అందరికీ, ఇదంతా చదివి ఖాతా తెరిచాను. మా తాతల నాటి పట్టా భూమి ఉన్నట్టుండి 22ఏ లో చూపిస్తోంది. అమ్ముకునే వీలు లేదు, చెల్లి పెళ్ళి ఉంది. తీయించడానికి ఎకరానికి ఇంత అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

వకీలు సాబ్ కాదు
ఏ కారణంతో, ఏ క్లాజు కింద, ఏ తేదీ ఉత్తర్వుతో చేర్చారో ముందు సమాచార హక్కులో అడగండి తమ్ముడూ. పాత పట్టా, ఆర్‌ఎస్‌ఆర్ (పాత సర్వే రిజిస్టరు) నకలు ఉన్నాయా? ఉంటే వేరే చర్చ మొదలుపెట్టి వివరాలు రాయండి, సర్వే నంబరు మాత్రం పెట్టకండి. డబ్బులు అడిగిన మనిషికి అప్పటిదాకా అవునని కానీ కాదని కానీ చెప్పకండి.